బెస్పోక్ చొక్కా అంటే చేత్తో కుట్టిందేనా?

పెళ్ళిళ్ళ సీజన్ వస్తే చాలు, హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ 'బెస్పోక్' అని బోర్డు తగిలించిన షాపులు కొత్తగా కనిపిస్తాయి. ఫోన్ తెరిస్తే ఇటలీలోని నేపుల్స్‌లో ఎవరో పెద్దావిడ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని చొక్కాకి చెయ్యి అతుకుతున్న వీడియో. ఈ రెండూ చూసి చూసి చాలామంది ఒక లెక్క వేసేసుకున్నారు: బెస్పోక్ అంటే చేత్తో కుట్టింది, చేత్తో కుట్టింది కాబట్టి గట్టిది, గట్టిది కాబట్టే ఆ ధర. ఈ మూడు మాటల్లో ఒకదానికీ ఇంకోదానికీ తప్పనిసరి సంబంధం ఏమీ లేదు. లండన్‌లో పేరున్న షాపుల్లో వేల రూపాయలు పోసి కుట్టించుకునే బెస్పోక్ చొక్కా పొడుగు కుట్లన్నీ మిషన్ మీదే పడతాయి. అటు నేపుల్స్‌లో సగం పని చేత్తో చేసిన చొక్కాలు హాంగర్‌కి వేలాడుతూ, మీడియం, లార్జ్ సైజుల్లో, రెడీమేడ్‌గా అమ్ముడవుతాయి.

## ఇవి రెండు వేరు వేరు ప్రశ్నలు

మొదటి ప్రశ్న, ఈ చొక్కా ఎవరి కొలతకి కత్తిరించారు? రెడీమేడ్ అయితే ఎవరి కొలతకీ కాదు, ఒక సగటు మనిషిని ఊహించుకుని కత్తిరిస్తారు. మేడ్ టు మెజర్ అయితే ముందే తయారుగా ఉన్న ఒక నమూనా తీసుకుని, మీ కొలతలని బట్టి అక్కడో అంగుళం పెంచి ఇక్కడో అర అంగుళం తగ్గిస్తారు. బెస్పోక్ అయితే మీ ఒంటికి మొదటి నుంచీ ఒక కాగితం నమూనా గీస్తారు, ఒక ట్రయల్ చొక్కా కుట్టి తొడిగి చూస్తారు, తేడాలు దిద్ది, ఆ నమూనా మీ పేరుతో దాచి పెడతారు.

రెండో ప్రశ్న, కత్తిరించిన ముక్కల్ని ఎలా కలిపారు? చేతి సూదితోనా, మిషన్‌తోనా, కొంత ఇదీ కొంత అదీనా?

మొదటిది కత్తెర సంగతి, రెండోది సూది సంగతి. ఉదాహరణకి ఒకాయనకి కుడి భుజం ఎడమ దానికంటే అర అంగుళం కిందికి ఉందనుకుందాం (నిజానికి చాలామందికి అంతో ఇంతో ఉంటుంది, ఒక వైపే బ్యాగు మోసేవాళ్ళకి మరీనూ). రెడీమేడ్ చొక్కా వేస్తే కుడి వైపు కాలర్ కింద ఒక ఏటవాలు ముడత వస్తుంది. దాన్ని తీసేయడానికి వీపు పైన ఉండే యోక్‌ని, అంటే భుజం పట్టీని, రెండు ముక్కలుగా కోసి కుడి ముక్కని వేరే వాలుతో కత్తిరించాలి. ఈ పని కత్తెర దగ్గరే అయిపోతుంది. తప్పు కొలతతో కోసిన యోక్‌ని ఎంత గొప్ప చేయి ఎంత సన్నటి కుట్టు వేసి అతికినా ఆ ముడత అక్కడే ఉంటుంది. అన్నట్టు, రెడీమేడ్ చొక్కాల్లో కూడా యోక్ మధ్యలో ఒక అతుకు కనిపిస్తుంది, చాలాసార్లు అది అలంకారమే, రెండు ముక్కలూ ఒకే కొలతలో ఉంటాయి.

మరి మన వీధి చివర టైలర్ మాస్టారు ఎక్కడ నిలుస్తారు? ఈయన్ని ఏ గదిలో పెట్టాలో ఇంగ్లిష్ పేర్లకి తెలీదు. ఆయన కాగితం నమూనా గీయరు, సుద్దతో నేరుగా గుడ్డ మీదే గీస్తారు. ఛాతీ 40 అంగుళాలైతే నాలుగో వంతు 10, దానికి లూజు 2 కలిపితే 12, అంటే మొత్తం చుట్టుకొలత 48. స్లిమ్ ఫిట్ కావాలంటే లూజు 1, మొత్తం 44. కొలత మీదే, గీత మీకోసమే. కానీ ట్రయల్ ఉండదు, దాచిపెట్టిన నమూనా ఉండదు, "పాత చొక్కా ఒకటి ఆది ఇవ్వండి" అంటారు. నా దృష్టిలో ఆయన మేడ్ టు మెజర్ కంటే బెస్పోక్‌కే దగ్గర. ఏసీ షోరూంలో ట్యాబ్‌లో కొలతలు ఎక్కించి ఫ్యాక్టరీకి పంపే పద్ధతి, బోర్డు మీద ఏం రాసి ఉన్నా, మేడ్ టు మెజరే.

## కుట్టు పడేటప్పుడు గుడ్డలో ఏం జరుగుతుంది

మిషన్ కుట్టుకి రెండు దారాలు కావాలి. సూదిలో ఒకటి, కింద బాబిన్‌లో ఒకటి. సూది గుడ్డలోంచి దిగి పైకి లేచేటప్పుడు దారం చిన్న మెలికలా వదులవుతుంది, కింది షటిల్ ఆ మెలికని పట్టుకుని బాబిన్ దారం చుట్టూ తిప్పుతుంది, రెండు దారాలూ గుడ్డ మందం మధ్యలో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అందుకే దీన్ని లాక్ స్టిచ్ అంటారు. ఒక చోట దారం తెగినా పక్క కుట్లు వెంటనే ఊడిపోవు. పై దారం టెన్షన్, కింది దారం టెన్షన్ సమంగా ఉంటే రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. ఒకటి బిగుసుకుంటే గుడ్డ ముడుచుకుంటుంది.

చేతి కుట్టులో దారం ఒక్కటే. ప్రతి కుట్టూ ఎంత బిగించాలో వేళ్ళు నిర్ణయిస్తాయి. రెండు దారాలు ఎదురెదురుగా లాగే పని లేదు కాబట్టి కుట్టు కొంచెం వదులుగా, కొంచెం సాగేట్టు ఉంటుంది. మన ఆడవాళ్ళకి ఇది వివరంగా చెప్పక్కర్లేదు. చీరకి ఫాల్ కుట్టించేటప్పుడు "చేత్తోనా, మిషనా" అని ముందే అడుగుతారు, ఎందుకంటే పట్టు చీర మీద మిషన్ ఫాల్ వేస్తే కుచ్చిళ్ళ దగ్గర ఒక గట్టి గీతలా తెలిసిపోతుంది, ఉతికాక ఫాల్ గుడ్డ కుదించుకుపోతే అంచంతా ముడుచుకుపోతుంది. చేతి కుట్టు ఆ తేడాని కాస్త భరిస్తుంది. చొక్కాలో చేతి కుట్టు గురించి నేపుల్స్ వాళ్ళు చెప్పేది సరిగ్గా ఇదే.

అయితే గట్టిదనం? అది కుట్టు రకాన్ని బట్టి. చేత్తో వేసే మామూలు ముందు కుట్టు మిషన్ కుట్టు కంటే బలహీనం. వెనక్కి తిప్పి వేసే కుట్టు, అదే బ్యాక్ స్టిచ్, చాలా బలమైంది, కానీ దానికి సమయం రెట్టింపు. "చేతి కుట్టు గట్టిది" అనే మాటా "మిషన్ కుట్టు గట్టిది" అనే మాటా రెండూ సగం సగమే.

## చేతి కుట్టు పేదవాడి చొక్కాలో కూడా ఉన్న రోజులు

చేతి కుట్టు అంటే విలాసం అనే భావన కొత్తది. 19వ శతాబ్దం మధ్య వరకు రాజు చొక్కా, రైతు చొక్కా రెండూ చేత్తో కుట్టినవే, వేరే దారి లేదు. 1830లో ఫ్రాన్స్‌లో బార్తెలెమీ తిమోనియే అనే దర్జీ కుట్టు మిషన్‌కి పేటెంట్ తీసుకుంటే, పొట్ట కొడుతున్నాడని తోటి దర్జీలు ఆయన వర్క్‌షాప్ మీద పడి మిషన్లు విరగ్గొట్టారు. అమెరికాలో ఇలయాస్ హోవ్ 1846లో లాక్ స్టిచ్ మిషన్‌కి పేటెంట్ పొందాడు, 1851లో ఐజాక్ సింగర్ తన మిషన్ తెచ్చాడు. 1860 ప్రాంతంలో వీలర్ అండ్ విల్సన్ అనే మిషన్ కంపెనీ ఒక లెక్క ప్రచారం చేసింది: మగవాళ్ళ చొక్కా ఒకటి చేత్తో కుట్టడానికి 14 గంటల 26 నిమిషాలు, మిషన్ మీద 1 గంట 16 నిమిషాలు. మిషన్ అమ్ముకునేవాడు చెప్పిన లెక్క కాబట్టి ఉప్పు, కారం కాస్త దట్టించి ఉంటాడు. అయినా తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది.

యంత్రాల మీద అంత అనుమానం ఉన్న గాంధీ కూడా 1924లో దీని గురించి అడిగితే, సింగర్ మిషన్‌ని మాత్రం మినహాయిస్తానన్నాడు, మనిషి కనిపెట్టిన కొద్దిపాటి పనికొచ్చే వస్తువుల్లో అదొకటి అన్నాడు. చేత్తో కుట్టుకునే విసుగు చాకిరీ నుంచి అది విడిపించిందన్నది ఆయన కారణం. ఇవాళ అదే చాకిరీ "హ్యాండ్‌మేడ్" అనే లేబుల్‌తో తిరిగొచ్చి పది రెట్లు ధర పలుకుతోంది, అది వేరే సంగతి.

## కాలర్ దగ్గర 6 మిల్లీమీటర్ల గొడవ

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. చేతి కుట్టుతో నిజంగా తేడా వచ్చే భాగాలు చొక్కాలో నాలుగైదే ఉన్నాయి, వాటిలో మొదటిది మెడ.

కాలర్ బల్ల మీద పరిచినప్పుడు చదునుగా ఉంటుంది, మెడ చుట్టూ తిరిగాక గుండ్రం అవుతుంది. గుండ్రంలో బయటి పొర చుట్టుకొలత లోపలి పొర కంటే ఎక్కువ. ఎంత ఎక్కువ? రెండు పొరల మధ్య దూరాన్ని 2తో, మళ్ళీ 3.14తో గుణిస్తే వస్తుంది. బయటి గుడ్డకీ లోపలి గుడ్డకీ మధ్య, కాలర్ నిలబడ్డానికి లోపల పెట్టే గట్టి గుడ్డ, అదే బక్రంతో కలిపి, 1 మిల్లీమీటర్ దూరం ఉందనుకుంటే తేడా 6 మిల్లీమీటర్లు దాటుతుంది. మెడ 38 అయినా 42 అయినా ఇదే తేడా, మెడ సైజుతో సంబంధం లేదు.

రెండు పొరల్నీ ఒకే పొడవులో కోసి చదునుగా కుట్టేస్తే ఆ 6 మిల్లీమీటర్ల గుడ్డ ఎక్కడికో పోవాలి కదా, లోపలి పొర మీద చిన్న చిన్న ముడతలుగా తేలుతుంది. నేపుల్స్ కుట్టుపనివాళ్ళు కాలర్ పట్టీని వేళ్ళ మీద వంచి పట్టుకుని, మెడ ఆకారంలో ఉండగానే చేత్తో కుడతారు, పొరలు వాటంతట అవే సర్దుకుంటాయి.

ఇక్కడ మిషన్ పక్షం వాళ్ళ జవాబు కూడా గట్టిదే. ఆ తేడా ముందే తెలుసు కదా, బయటి పొరని లోపలి దానికంటే ఆ మేరకు పొడుగ్గా కోస్తే సరి అంటారు. మంచి చొక్కా కుట్టేవాళ్ళు చేసేది అదే. అంటే సూదితో సాధించేదాన్ని కత్తెరతోనూ సాధించవచ్చు. అయితే గుడ్డ గుడ్డకీ మందం మారుతుంది. ఆక్స్‌ఫర్డ్ గుడ్డ మందం, పాప్లిన్ పల్చన, లినెన్ ఇంకో రకం. చేత్తో కుట్టేవాళ్ళు గుడ్డ పట్టుకోగానే ఈ తేడా చూసుకుంటారు, కత్తిరించేవాళ్ళు ప్రతిసారీ ముందే లెక్క వేసుకోవాలి.

## చెయ్యి అతకడం: వాదం అంతా ఇక్కడే

సాధారణ చొక్కా ఎలా తయారవుతుందంటే, ముందు భాగాలు, వెనక భాగం భుజాల దగ్గర కలుపుతారు, చేతి గుడ్డని ఇంకా గొట్టంలా మూయకుండా పరిచి ఉండగానే చంక వంపుకి అతికేస్తారు, తర్వాత చేతి కొస నుంచి చంక మీదుగా చొక్కా అంచు దాకా ఒకే పొడుగు కుట్టు వేసి మూసేస్తారు. మిషన్‌కి ఇది హాయి. అందుకే మీ చొక్కాలో చేతి కింది కుట్టూ పక్క కుట్టూ చంకలో కూడలిలా కలుస్తాయి.

నేపుల్స్ పద్ధతిలో చొక్కా పక్కల్ని ముందే మూస్తారు, చేతినీ విడిగా గొట్టంలా మూస్తారు, ఆ తర్వాత గొట్టాన్ని చంక రంధ్రంలో పెట్టి చుట్టూ చేత్తో అతుకుతారు. దీంతో రెండు లాభాలు. ఒకటి, చేతిని కాస్త ముందుకు తిప్పి అతకవచ్చు, మన చేతులు సహజంగా ముందుకే వేలాడతాయి కాబట్టి. అలా తిప్పినప్పుడు రెండు కుట్లూ చంకలో కలవవు, ఒకదానికొకటి పక్కకి జరిగి ఉంటాయి. రెండోది, రంధ్రం కంటే పెద్ద చేతిని అందులో ఇమడ్చవచ్చు. రంధ్రం చుట్టుకొలత 48 సెంటీమీటర్లు, చేతి పైభాగం 52 అనుకుందాం. మిగిలిన 4 సెంటీమీటర్లని భుజం పైభాగంలో కొంచెం కొంచెంగా నొక్కి పట్టుకుంటూ పోవాలి. అప్పుడు భుజం దగ్గర సన్నటి ముడతలు వానజల్లులా దిగుతాయి, నేపుల్స్ చొక్కాకి అదే గుర్తు. రంధ్రం చిన్నది కాబట్టి చంక దగ్గర వేలాడే గుడ్డ తక్కువ, చేతిలో గుడ్డ ఎక్కువ కాబట్టి చెయ్యి ఎత్తితే చొక్కా అంతా పైకి రాదు.

దీన్ని మిషన్ చేయలేదా? చేయగలదు, కష్టపడి. మిషన్‌లో కింది పళ్ళు కింది పొరని తోస్తాయి, పై పొర పాదం కింద కాస్త వెనకబడుతుంది. అంటే మిషన్‌కి పొరల్ని అసమానంగా తోసే గుణం ముందే ఉంది. నేర్పున్నవాళ్ళు పొడుగు పొరని కింద పెట్టి ఆ గుణాన్నే వాడుకుంటారు. కానీ 2 సెంటీమీటర్లు దాటాక అది చేజారుతుంది, ముడత సన్నగా రాకుండా మడతలా పడుతుంది.

విమర్శ కూడా వినాలి. ఆ సుఖం చేతి కుట్టు వల్ల కాదు, చిన్న రంధ్రం, పెద్ద చెయ్యి అనే కటింగ్ వల్ల వచ్చిందని లండన్ కట్టర్ అంటాడు. చాలావరకు నిజమే. నాకు తోచిందేంటంటే కటింగ్ సగం పని చేస్తుంది, కానీ ఆ కటింగ్‌ని కుట్టగలిగేది చెయ్యే. పైగా ఆ ముడతలు అందరికీ నచ్చవు. ఆఫీసుకి వేసుకెళ్తే ఇస్త్రీ సరిగ్గా చేయలేదేమో అనుకునేవాళ్ళు మన దగ్గర చాలామంది.

## కాజాలు, గుండీలు

మిషన్ కాజా ముందు చుట్టూ కుట్టి, తర్వాత మధ్యలో కత్తి దిగి కోస్తుంది. అందుకే కొన్ని ఉతుకుల తర్వాత కాజా లోపల పోగులు మీసాల్లా బయటికొస్తాయి. చేతి కాజా దీనికి తలకిందులు. ముందు కోసి, కోసిన అంచుకి పోగులు రాకుండా చుట్టి, ఆ పైన ఒక్కో కుట్టుకీ ఒక్కో ముడి వచ్చేట్టు దగ్గర దగ్గరగా కుడతారు. అంచు పూర్తిగా దారం కింద దాగుతుంది. బాగా కుట్టిన చేతి కాజాకి మిషన్ కాజా సాటి రాదు, ఇందులో పెద్ద వాదం లేదు. బాగా కుట్టనిది మాత్రం మిషన్ దాని కంటే అన్యాయంగా ఉంటుంది.

సమయం చూద్దాం. ముందు వైపు 7, కఫ్‌లకి 2, కఫ్ పైన చీలికలకి 2, మొత్తం 11 కాజాలు. ఒక్కోదానికి పది నిమిషాలు అనుకున్నా 110 నిమిషాలు. కాజా మిషన్‌కి ఒక్కోదానికి కొన్ని సెకన్లు.

నేపుల్స్‌లో గొప్పగా చెప్పుకునే ఈ చేతి కాజా మన టైలర్ షాపుల్లో ఒకప్పుడు అతి మామూలు విషయం. పని నేర్చుకోడానికి చేరిన కుర్రాడికి మొదట ఇచ్చేదే కాజాలు, బొత్తాలు. అది నైపుణ్యం అని ఎవరూ అనుకోలేదు, కూలీ కూడా అలాగే ఇచ్చారు. ఇప్పుడు చాలా షాపులు చొక్కాల్ని మూటగట్టి కాజా మిషన్ ఉన్న షాపుకి పంపి చేయించుకుంటాయి.

గుండీల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. చవక చొక్కాల్లో గుండీని ఒకే దారంతో గొలుసు కుట్టు వేసే మిషన్ కుడుతుంది, దారం కొస బయటికొచ్చి దాన్ని లాగితే కుట్టంతా జారి గుండీ చేతిలోకి వస్తుంది. చేత్తో కుట్టినప్పుడు గుండీకీ గుడ్డకీ మధ్య కాస్త ఎడం ఉంచి, అక్కడ మెడలా నిలిచే దారాల చుట్టూ మళ్ళీ దారం చుడతారు, దాంతో కాజాలో గుండీ సులువుగా కూర్చుంటుంది. నేపుల్స్‌లో నాలుగు రంధ్రాల్లోంచి దారాన్ని కోడి పాదంలా మూడు గీతలుగా తిప్పే ఆచారం ఉంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, గట్టిదనం వచ్చేది మాత్రం ఆ మెడ చుట్టడం వల్ల.

## పొడుగు కుట్లలో మిషన్‌దే గెలుపు

పక్క కుట్టు సుమారు 50 సెంటీమీటర్లు, చేతి కింది కుట్టు 45. రెండు వైపులా కలిపి 190. మంచి చొక్కాలో ఒక అంచుని రెండో అంచు మడతలో దాచి రెండుసార్లు కుడతారు కాబట్టి 380, అంటే దాదాపు 150 అంగుళాలు. అంగుళానికి 18 కుట్ల చొప్పున 2,700 కుట్లు. ఆగుతూ సాగుతూ నిమిషానికి సగటున వెయ్యి కుట్లు వేసే మిషన్‌కి మూడు నిమిషాలు కూడా పట్టదు. చేత్తో అంగుళానికి 10 కుట్లే వేసినా 1,500 కుట్లు, నిమిషానికి 20 చొప్పున గంటంపావు.

ఆ గంటంపావుతో ఒరిగేది ఏమిటి? దాదాపు ఏమీ లేదు. ఇవి తిన్నగా, లేదా కొద్దిపాటి వంపుతో పోయే కుట్లు, వాటిలో గుడ్డని నొక్కి ఇమడ్చాల్సిన అవసరం లేదు, పైగా లాగుడు, ఉతుకుడు ఎక్కువగా పడేది వీటి మీదే. అందుకే నేపుల్స్‌లో కూడా పేరున్నవాళ్ళు చాలామంది ఈ పొడుగు కుట్లని మిషన్ మీదే వేస్తారు. "పూర్తిగా చేత్తో" అనే మాటని నమ్మే ముందు ఈ సంగతి తెలిసి ఉండాలి.

మిషన్ కుట్లలోనూ తేడాలున్నాయి, వాటి గురించి ఎవరూ మాట్లాడరు. ఒకే సూదితో రెండుసార్లు విడివిడిగా వేసే కుట్టు ఒక రకం, రెండు సూదులతో రెండు వరసలూ ఒకేసారి వేసేసేది ఇంకో రకం. రెండోది వేగం, కానీ రెండు వరసల మధ్య గుడ్డ ఇరుక్కుని, ఉతికాక నూలు కుదించుకుపోయినప్పుడు పక్క కుట్టంతా అలలు అలలుగా ముడుచుకుంటుంది. పాత రెడీమేడ్ చొక్కా ఒకటి తీసి పక్క కుట్టు చూస్తే తెలిసిపోతుంది. మామూలు చొక్కా వేసుకునేవాడికి చేతి కుట్టా, మిషనా అన్నదాని కంటే ఈ తేడానే ఎక్కువ ముఖ్యం.

## లండన్ ఒక మాట, నేపుల్స్ ఒక మాట

లండన్‌లో చొక్కాల షాపులకి పేరున్న జెర్మిన్ స్ట్రీట్ సంప్రదాయం, 1885 నుంచి ఉన్న టర్న్‌బుల్ అండ్ ఆసర్ లాంటి వాళ్ళది, ఇలా ఉంటుంది: చొక్కా అంటే వారం వారం ఉతికే బట్ట, కోటు కాదు. కోటు లోపల క్యాన్వాస్‌ని చేత్తో కుట్టి ఛాతీ ఆకారం తెస్తారు, దాన్ని ఎప్పుడో గానీ శుభ్రం చేయరు, అక్కడ చేతి పనికి అర్థం ఉంది. చొక్కాకి కావాల్సింది మంచి నమూనా, సన్నటి సమమైన మిషన్ కుట్టు, గీతలు గీతలకి కలిసేట్టు కోసిన గుడ్డ. ప్యారిస్‌లో 1838 నుంచి ఉన్న షార్వే కూడా ఇదే దారి.

నేపుల్స్‌ది వేరే స్వభావం. అక్కడ కోటే మెత్తగా, భుజానికి పెద్దగా దిండు లేకుండా కుడతారు, చొక్కా భుజం పద్ధతిని కోటుకి కూడా వాడతారు. కాబట్టి చొక్కా కూడా ఒంటితో పాటు కదలాలి అంటారు. 1925లో మొదలైన ఫినమోరె, 1957లో మొదలైన లుయీజీ బొరెల్లి లాంటి పేర్లు ఈ చేతి పనితోనే ప్రపంచానికి తెలిశాయి. వాళ్ళు దాచుకోకుండా ఎన్ని చోట్ల చేతి కుట్టు ఉందో లెక్క చెప్తారు: కాలర్, చేతులు, యోక్, కాజాలు, గుండీలు, పక్క కుట్టు చివర వేసే చిన్న ముక్కోణపు అతుకు, ఇలా. ఉట్టి "హ్యాండ్‌మేడ్" అనడం కంటే ఈ లెక్క చాలా నయం.

మన్నిక విషయంలో ఇద్దరూ ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. చొక్కా చచ్చేది కుట్లు ఊడి కాదు. మెడ దగ్గర కాలర్ మడత చిరిగి, కఫ్ అంచు అరిగిపోయి చస్తుంది. ఆ అరుగుదలని చేతి కుట్టూ ఆపలేదు, మిషనూ ఆపలేదు. అందుకే లండన్ షర్ట్ మేకర్లలో కొందరు అరిగిన కాలర్, కఫ్‌లు మార్చి ఇస్తారు. మన దగ్గర పాత టైలర్లు కాలర్ ఊడదీసి తిరగేసి కుట్టేవారు, అదీ ఇదే లెక్క.

## పేస్టింగ్ కాలర్‌తో కలిసిపోయే గందరగోళం

చేతి పని చర్చలో ఇంకో విషయం ఎప్పుడూ దూరుతుంది. కాలర్ లోపలి బక్రాన్ని వేడితో గుడ్డకి అంటించేయడాన్ని మన టైలర్లు పేస్టింగ్ అంటారు. అంటించకుండా అంచుల దగ్గర కుట్టి వదిలేయడం రెండో పద్ధతి. పేస్టింగ్ నాసిరకంది అయితే కొన్నాళ్ళకి జిగురు ఊడి కాలర్ మీద బుడగలు తేలతాయి. అంటించనిది మెత్తగా ఉంటుంది కానీ ఇస్త్రీకి ఓపిక కావాలి. "పేస్టింగ్ లేని కాలర్, కాబట్టి చేతి పని" అని అమ్మేవాళ్ళున్నారు. రెండింటికీ సంబంధం లేదు, అంటించని కాలర్‌ని మొత్తం మిషన్ మీద కుట్టవచ్చు.

## లేబుల్ ఏం చెప్తుంది, ఏం చెప్పదు

చేతి కుట్టుని కంటితో పట్టుకోవచ్చా? కొంతవరకు. కుట్ల పొడవు సమానంగా ఉండదు, ముందు వైపు ఒకలా, వెనక వైపు ఇంకోలా ఉంటుంది. కానీ రెండు కొసలూ మొనదేలి మధ్యలో రంధ్రం ఉన్న సూదితో, ఒకే దారంతో, చేతి కుట్టుని అచ్చంగా అనుకరించే మిషన్లు ఎప్పటినుంచో ఉన్నాయి. కోట్ల అంచున కనిపించే చుక్క కుట్లలో చాలావరకు వాటి పనే. ఉద్దేశపూర్వకంగా కనబడేట్టు వేసిన కుట్టుని కాస్త అనుమానంగా చూడటం మంచిది. లోపలికి తిప్పి చంక దగ్గర చూస్తే చొక్కా నిజం చెప్తుంది.

చట్టం సాయం పెద్దగా లేదు. 2008లో బ్రిటన్‌లో సార్టోరియాని అనే సంస్థ, మిషన్ మీద కత్తిరించి కుట్టిన సూట్లని బెస్పోక్ అని ప్రచారం చేస్తోందని ఫిర్యాదు వెళ్తే, అక్కడి అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ అథారిటీ ఆ ప్రకటన జనాన్ని మోసం చేసేట్టు లేదని తేల్చింది. కొలతకి ఆర్డర్ మీద కుట్టింది అయితే చాలన్నట్టు. లండన్‌లో సూట్లు కుట్టే దర్జీల వీధి సావిల్ రోలో చాలామందికి అది మింగుడు పడలేదు. ఇటలీలో 2009లో వచ్చిన చట్టం '100% మేడ్ ఇన్ ఇటలీ' అనాలంటే డిజైన్ నుంచి ప్యాకింగ్ దాకా ఇటలీలోనే జరగాలంటుంది, చేత్తో జరగాలని అనదు.

## చెయ్యి ఎవరిది, కూలీ ఎంత

కాలర్‌కి 40 నిమిషాలు, రెండు చేతులకి 80, యోక్, భుజాలకి 40, కాజాలకి 110, గుండీలకి 30, చిన్నా చితకా అతుకులకి 20 అనుకుందాం. మొత్తం 320 నిమిషాలు, అంటే 5 గంటల 20 నిమిషాల చేతి పని. గంటకి 100 రూపాయలు ఇస్తే 530 రూపాయల పైచిలుకు. గంటకి 12 యూరోలు ఇస్తే 64 యూరోలు. నేపుల్స్ చేతి చొక్కా అమ్ముడయ్యేది వందల యూరోలకి. గుడ్డ, ముత్యపు చిప్ప గుండీలు, షోరూం అద్దె, పేరు, ఇవన్నీ కలిపితే గానీ ఆ ధర రాదు. ధరలో చేతి కుట్టు వాటా జనం ఊహించుకున్నంత లేదు.

పైగా ఆ 12 యూరోలు అందరికీ అందుతాయని కూడా లేదు. నేపుల్స్ చుట్టుపక్కల ఈ పని చాలావరకు ఆడవాళ్ళు ఇళ్ళ దగ్గర కూర్చుని చేస్తారు, గంట లెక్కన కాదు, పీస్ లెక్కన. మన దగ్గర జాకెట్లకి హెమ్మింగ్, హుక్కులు కుట్టే ఆడవాళ్ళ పరిస్థితీ అంతే, బొటిక్ ముందు గదిలో బిల్లు వేలల్లో, వెనక గదిలో లెక్క హుక్కుకింత. 11 చేతి కాజాలు కావాలని అడిగే కస్టమర్ హైదరాబాద్‌లోనూ ఇప్పుడు దొరుకుతున్నాడు, వాటికి మిషన్ కాజా రేటు కాకుండా రెండు గంటల కూలీ కట్టి ఇచ్చే షాపు ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టే ఆ పని నేర్చుకునేవాళ్ళు మిగులుతారు.